మా నాన్నగారి దీర్ఘం

తప్పు దిద్దబోయి తప్పు చేసినవాళ్ల కథలు యీ శీర్షికలో యిదివరకు కొన్ని చెప్పాను. అవన్నీ ఇతరుల కథలు. ఈ వారం కథలో ఆ పెద్దమనిషిని నేనే. చెప్పుకోడానికి కొంచెం సిగ్గుగానే వుంది. కాని పాత స్పీకరు పెట్టెల్ని అటక మీదనించి దింపి, దుమ్ము దులిపి, మళ్లీ హాల్లో పెట్టుకుంటున్న యిళ్లు యీమధ్య నాకు తరచు కనిపిస్తున్నాయి. నా తెలివితక్కువతనం వాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలునని రాస్తున్నాను.

మా హాల్లో అలాంటి పెట్టెలు రెండున్నాయి. నడుమెత్తు వుంటాయి. మా మేనమామ ఓడల్లో ఇంజనీరుగా వున్న రోజుల్లో, 1978లో, జపాన్ నించి తెచ్చాడు. ఒక్కొక్క పెట్టెలో మూడేసి స్పీకర్లు. కింద కంచమంతది, మంద్రానికి. దాన్ని వూఫర్ అంటారు. నడుమ కొబ్బరిచిప్పంతది, మధ్య స్వరాలకి. దాన్ని మిడ్‌రేంజ్ అంటారు. పైన బొట్టుపెట్టె మూతంతది, సన్నని స్వరాలకి; అది ట్వీటర్. పెట్టె వెనక చిన్న రేకుమీద 800, 5000 అని రెండు అంకెలు చెక్కి వుంటాయి. నలభై యేళ్లకి పైగా ఆ అంకెల్ని చూస్తూనే వున్నాను. అవేమిటో తెలుసుకోవాలని మాత్రం తోచలేదు.

ఈ పెట్టెలమీద మా అమ్మకి వున్న మమకారం వేరు. అమ్మకి యెనభై నాలుగేళ్లు. మా నాన్నగారు బళ్లో తెలుగు పంతులుగా పనిచేశారు. పోతనగారి భాగవతం పద్యాలు బాగా చదివేవారు. 1982లో ఒక మధ్యాహ్నం మా మేనమామే ఆయన్ని కూచోబెట్టి, బతిమాలి, గంటసేపు పద్యాలు కాసెట్లో యెక్కించాడు. 1991లో నాన్నగారు పోయారు. అప్పటినించీ ప్రతి శనివారం సాయంత్రం దీపం పెట్టాక అమ్మ ఆ కాసెట్టు పెట్టించుకుని వింటుంది. ఆయన పద్యం చివర ‘ఆ’ అని ఒక దీర్ఘం తీసేవారు. అది వచ్చేసరికి అమ్మ కళ్లు మూసుకుంటుంది. మేం మాట్లాడడం మానేస్తాం. ఇది మా యింట్లో ఆచారం.

పోయిన సంక్రాంతికి యిల్లు దులుపుతుంటే ఒక పెట్టెలో ఏదో గరగరమంటోందని అనుమానం వచ్చింది. మరలు తీసి చూశాను. గరగరకి కారణం ఒక వదులు మర. అది బిగించి మూసేస్తే కథ లేకపోను. కాని మూతతీసిన పెట్టెని చూస్తే చేతులు వూరుకుంటాయా? లోపల వూఫర్‌కి యెర్రతీగ యెర్రగుర్తు దగ్గర, నల్లతీగ నల్లగుర్తు దగ్గర పద్ధతిగా వున్నాయి. ట్వీటర్‌కీ అంతే. మిడ్‌రేంజ్‌కి మాత్రం తీగలు తారుమారుగా వున్నాయి!

“చూశావా, జపాన్‌వాళ్లు కూడా పొరపాటు చేస్తారు” అన్నాను మా ఆవిడతో.

“రెండో పెట్టెలో యెలా వుందో?” అంది ఆవిడ.

రెండోదీ విప్పాను. అందులోనూ మిడ్‌రేంజ్ తీగలే తారుమారు. ఒకే ‘తప్పు’ రెండు పెట్టెల్లోనూ, ఒకేచోట వుందంటే అది తప్పు కాదేమోనని కాస్త బుద్ధున్నవాడికి తోచాలి. నాకు తోచింది యేమిటంటే, రెండు పెట్టెలకీ తీగలు కలిపినవాడు ఒక్కడే, వాడు పరధ్యానపు మనిషి అని. టంకం కరిగించి, యెర్రది యెర్రదానికీ నల్లది నల్లదానికీ అతికించి, మరలు బిగించి, చేతులు దులుపుకున్నాను. ఒక సినిమాపాట పెట్టి విన్నాం. స్వచ్ఛంగా వున్నట్టే అనిపించింది. తన చేత్తో బాగుచేసిన వస్తువు యెవడికి స్వచ్ఛంగా అనిపించదు?

ఆ శనివారం అమ్మ కాసెట్టు విన్నది. పద్యం అయింది, దీర్ఘం వచ్చింది. అమ్మ కళ్లు తెరిచింది.

“ఒరేయ్, మీ నాన్నగారు గదిలోకి వెళ్లి చదువుతున్నట్టుందిరా” అంది.

కాసెట్టు పాతబడిందన్నాను. మరుసటి శనివారం, “సొ అన్నది వినిపిస్తోంది, శ అన్నది వినిపిస్తోంది, ఆ అన్నదే డొల్లగా వుంది” అంది. ఈసారి, “నీకు చెవులు కాస్త మందగించాయేమోనమ్మా” అన్నాను. మెల్లిగానే అన్నాను. కాని అనేశాను.

మూడో శనివారం కాసెట్టు పెట్టమని అమ్మ అడగలేదు. నేనే పెట్టబోతే, “వద్దులేరా. ఆయన గొంతు యెలా వుండేదో నేనే మర్చిపోతున్నానేమో” అంది.

ఆ మాట నన్ను కుదిపేసింది. అయినా నా చేతిమీద నాకు అనుమానం రాలేదు. మనిషికి తన తల్లి చెవిని అనుమానించడం తేలిక, తన ప్రజ్ఞని అనుమానించడం కష్టం.

వేసవి సెలవుల్లో మా చెల్లెలి కూతురు వచ్చింది. ఇంజనీరింగు చదువుతోంది. అమ్మమ్మ శనివారం కాసెట్టు వినడం మానేసిందని తెలిసి, కారణం అడిగింది. నేను చెవుల సంగతి చెప్పాను. ఆ పిల్ల వెంటనే తల అడ్డంగా వూపింది.

“మావయ్యా, వయసుమీద చెవి తగ్గితే ముందు పోయేది సన్నని స్వరాలు. శ, స లాంటివి. అమ్మమ్మకి అవి వినిపిస్తున్నాయంటోంది. ఆ అన్నది పోయిందంటోంది. మగవాడు ‘ఆ’ అన్నప్పుడు నోట్లో గట్టిగా మోగే మొదటి స్వరం సుమారు 700, 800 హెర్ట్జ్‌ల దగ్గర వుంటుంది. అది చెవి తప్పు కాదు. నీ పెట్టెలు యెవరైనా ముట్టుకున్నారా?” అంది.

నేను మా ఆవిడకేసి చూశాను. మా ఆవిడ కిటికీకేసి చూసింది.

ఆ సాయంత్రం ఆ పిల్ల నాకు చెప్పినదాన్నీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదాన్నీ కలిపి చెబుతాను. ఇది శాస్త్రమే అయినా రంపం కోతంత తేలిక.

పెద్ద దూలాన్ని యిద్దరు మనుషులు రంపంతో కోయడం మీరు చూసే వుంటారు. ఒకడు లాగుతుంటే రెండోవాడు వదులుతాడు. అప్పుడు రంపం నడుస్తుంది. ఇద్దరూ ఒకేసారి తమవైపుకి లాగారనుకోండి. ఇద్దరికీ చెమట్లు పడతాయి గాని రంపం కదలదు. రెండు స్పీకర్లు ఒకే స్వరాన్ని పలికేటప్పుడూ యిదే లెక్క. రెండూ ఒక్కసారి గాలిని ముందుకి తోస్తే శబ్దం పెరుగుతుంది. ఒకటి తోస్తుండగా రెండోది లాగితే, రెండూ కష్టపడతాయి, మనకి వినబడేది మాత్రం దాదాపు యేమీ వుండదు. ఈ జతకుదరడాన్నే ఫేజ్ అంటారు.

ఒక స్వరాన్ని ఒక స్పీకరే పలికితే యీ గొడవ లేదు. అలా పంచిపెట్టడానికే పెట్టెలో క్రాసోవర్ అనే చిన్న పలక వుంటుంది. అందులో రాగితీగ చుట్టిన కాయిళ్లూ, కెపాసిటర్లూ వుంటాయి. కాయిల్ మంద్రాన్ని పోనిచ్చి తారాన్ని అడ్డగిస్తుంది. కెపాసిటర్ తారాన్ని పోనిచ్చి మంద్రాన్ని అడ్డగిస్తుంది. మా పెట్టె వెనక రేకుమీది అంకెలకి అర్థం యిప్పుడు తెలిసింది. 800కి దిగువన వూఫర్, 800 నించి 5000 దాకా మిడ్‌రేంజ్, ఆపైన ట్వీటర్.

కాని యీ పంపకం గోడ కట్టినట్టు వుండదు. వాలు కట్టినట్టు వుంటుంది. షడ్జం నించి పై షడ్జానికి వెళ్లేసరికి, అంటే ఒక స్థాయికి, శబ్దం 6 డెసిబెల్స్ తగ్గే వాలు ఒకటి. 12 తగ్గేది ఒకటి. 18, 24 తగ్గేవి కూడా వున్నాయి. కాబట్టి సరిహద్దు దగ్గర, 800 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల, వూఫరూ మిడ్‌రేంజూ రెండూ కలిసే పాడతాయి. అక్కడే రంపం కోత మొదలవుతుంది.

చిక్కు యెక్కడ వుందంటే, కాయిలూ కెపాసిటరూ స్వరాన్ని తగ్గించి వూరుకోవు. దాని ఫేజ్‌ని కూడా జరుపుతాయి. ఒక పూర్తి వూపుని 360 డిగ్రీలనుకుంటే, 12 డెసిబెల్స్ వాలు వున్న క్రాసోవర్ సరిహద్దు స్వరాన్ని వూఫర్‌లో 90 డిగ్రీలు వెనక్కి జరుపుతుంది, మిడ్‌రేంజ్‌లో 90 డిగ్రీలు ముందుకి జరుపుతుంది. తేడా 180. అంటే సరిగ్గా అరవూపు. ఒకటి తోస్తుంటే రెండోది లాగుతోందన్నమాట! తీగలు పద్ధతిగా, యెర్రదానికి యెర్రదిగా కలిపితే సరిహద్దు స్వరం మాయమవుతుంది.

దానికి పెట్టె చేసినవాళ్లు కనిపెట్టిన వుపాయం చాలా సులువు. రెండింట్లో ఒకదాని తీగలు తిరగేస్తారు. తిరగేస్తే ఇంకో 180 డిగ్రీలు కలిసి, ఇద్దరూ మళ్లీ జత కుదురుతారు. మూడు స్పీకర్ల పెట్టెలో నడిమిదాన్ని తిరగేస్తే రెండు సరిహద్దులూ ఒక్క దెబ్బతో సర్దుకుంటాయి. ‘పరధ్యానపు మనిషి’ చేసిన పని అదీ! నేను చేసినదల్లా 800 దగ్గర ఒకటీ, 5000 దగ్గర ఒకటీ రెండు గోతులు తవ్వడం. మొదటి గోతిలో మా నాన్నగారి దీర్ఘం పడిపోయింది.

అయితే అన్ని పెట్టెల్లోనూ నడిమిది తిరగేసి వుంటుందని అనుకోకండి. ఒక కాయిల్, ఒక కెపాసిటర్ మాత్రమే వుండే 6 డెసిబెల్స్ వాలులో తేడా 90 డిగ్రీలే. 24 వాలులో తేడా 360, అంటే చుట్టు తిరిగి మొదటికే వచ్చినట్టు, అందులో తిరగేయక్కర్లేదు. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో ప్రచురించిన వ్యాసం, అదే సంస్థలో పనిచేసిన రస్ రైలీ ఆలోచనతో కలిసి, యీ 24 వాలు పద్ధతికి లింక్‌విట్జ్–రైలీ అన్న పేరు తెచ్చింది. మా పెట్టెలు 12 వాలువి. ఏ పెట్టె లెక్క ఆ పెట్టెది. పైగా యెర్రగుర్తు అర్థం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలో జె.బి.ఎల్. వారి పాత స్పీకర్లకి యెర్రగుర్తు దగ్గర ధనవిద్యుత్తు యిస్తే అట్ట ముందుకి రాదు, వెనక్కి పోతుంది. అది వారి ఆనాటి పద్ధతి.

తీగలేకాదు, దూరం కూడా జత చెడగొడుతుంది. శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు నడుస్తుంది. అంచేత 800 హెర్ట్జ్‌ల అల పొడుగు 43 సెంటీమీటర్లు. 5000 హెర్ట్జ్‌ల అల పొడుగు 7 సెంటీమీటర్లే. ఒక స్పీకరు రెండోదానికంటే మూడున్నర సెంటీమీటర్లు వెనక వుంటే చాలు, అక్కడ అరవూపు తేడా వస్తుంది. 1970లలో కొన్ని కంపెనీలవారు పెట్టెల్ని మెట్లుమెట్లుగా చేసి, ట్వీటర్‌ని వెనక మెట్టుమీద కూచోబెట్టింది అందుకే. అంతకుముందు 1947లోనే ఇంగ్లండులో టానాయ్ వారు సన్నస్వరాల స్పీకర్ని పెద్దదాని నడిబొడ్డునే అమర్చారు.

దూరం సంగతి హాలీవుడ్‌లో తెలిసివచ్చిన వైనం సరదాగా వుంటుంది. 1933లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో వాయించిన ఆర్కెస్ట్రాని తీగలమీద వాషింగ్టన్ పంపి, అక్కడ పెద్ద పెద్ద కొమ్ము స్పీకర్లలో వినిపించారు. మంద్రానికో కొమ్ము, తారానికో కొమ్ము. ఆ తరహా ఏర్పాటుని ఎం.జి.ఎం. స్టూడియోలో పరీక్షిస్తుంటే, ఎలినార్ పవెల్ అనే నర్తకి టాప్ నృత్యంలో ఒక్కొక్క అడుగుకీ రెండేసి చప్పుళ్లు వినబడ్డాయట! నర్తకి వేసింది ఒక అడుగే. కాని మంద్రపు కొమ్ము పొడుగు, తారపు కొమ్ము పొట్టి. రెండు దారుల మధ్య 8 అడుగుల తేడా వుందంటే ఒక చప్పుడు రెండోదానికంటే సెకనులో వెయ్యోవంతులు 7 ఆలస్యంగా వస్తుంది. అంతమాత్రానికే అడుగు రెండైపోతుంది. ఆ స్టూడియో శబ్దశాఖకి డగ్లస్ షియరర్ పెద్ద. వారు కొమ్ముల పొడుగుల్ని సర్ది కొత్త ఏర్పాటు చేశారు. 1936 సంవత్సరానికి అకాడమీవారి సాంకేతిక పురస్కారం దానికి వచ్చింది. ఇదంతా తాళం తప్పిన అడుగుని వినగలిగిన చెవుల పుణ్యం.

మా యింట్లోనూ అలాంటి చెవి వుంది. నేనే దాన్ని మందగించిందన్నాను.

ఇక పరీక్ష. మా మేనకోడలు తన ఫోనులోంచి 800 హెర్ట్జ్‌ల స్వరాన్ని ఒక్క పెట్టెకే యిచ్చి, ఇంకో ఫోనుని పెట్టెకి యెదురుగా మీటరు దూరంలో పెట్టింది. అందులో శబ్దం యెంత వుందో చూపించే ముల్లు వుంది. నేను ‘దిద్దిన’ తీరులో ముల్లు అడుక్కి పడిపోయింది. మిడ్‌రేంజ్ తీగలు తిరగేసింది. ముల్లు చర్రున లేచింది.

“చూశావా మావయ్యా, తప్పుగా కలిపినప్పుడు గొయ్యి యెంత లోతుగా పడితే, సరిగ్గా కలిపినప్పుడు రెండూ అంత బాగా కలుస్తున్నాయని అర్థం. నీ తప్పువల్ల ఆ పెట్టె యెంత బాగా చేశారో తెలిసింది” అంది.

ఆ పిల్లకి మేనమామని నొప్పించకుండా దెప్పే విద్య బాగా తెలుసు.

రెండు పెట్టెలూ సర్దాం. ఒక పెట్టె ఇంకా కొంచెం మసగ్గానే వుంటే క్రాసోవర్ పలక విప్పింది. మీద 8 మైక్రోఫారడ్లని రాసివున్న కెపాసిటర్ పరికరంమీద 11 చూపించింది. ఆ రకం కెపాసిటర్లకి వయసుమీదపడితే విలువ మారుతుంది. విలువ మారితే సరిహద్దు జరుగుతుంది, సరిహద్దుతో పాటు ఫేజూ జరుగుతుంది. రెండు పెట్టెల్లోనూ ఒక జతగా కొత్తవి వేశాం. ఒకదానికే వేస్తే కుడి చెవికొక గొంతు, యెడమ చెవికొక గొంతు అవుతుంది.

మీ యింట్లో కూడా పాత పెట్టెలుంటే నా మాట వినండి. విప్పేముందు ప్రతి తీగనీ ఫోటో తీసుకోండి. రెండు పెట్టెల్లోనూ ఒకేలా వున్నదాన్ని తప్పనుకోకండి. మీరు సరిచూడవలసింది పెట్టె బయట వున్న తీగల్ని: ఆంప్లిఫయరు యెర్రగుర్తునించి రెండు పెట్టెల యెర్రగుర్తులకీ ఒకేలా వెళ్లాయా లేదా అని. ఒక పెట్టెకి తారుమారైతే మృదంగం పలచబడుతుంది, పాడేమనిషి నడుమ నిలబడక గోడలవెంట తిరుగుతాడు. అనుమానం వుంటే ఒక పెట్టె తీగలు తిరగేసి వినండి. మంద్రం యెటు నిండుగా వుంటే అదే సరి.

ఆ శనివారం దీపం పెట్టాక అమ్మని పిలిచాను. “వద్దులేరా” అంది. మనవరాలు చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి కూచోబెట్టింది. కాసెట్టు తిరిగింది. పద్యం నడిచింది. చివర దీర్ఘం వచ్చింది. అమ్మ కళ్లు మూసుకుంది.

గంట అయ్యేదాకా తెరవలేదు. ఆఖరి పద్యానికి ముందు నాన్నగారు ఒకసారి చిన్నగా దగ్గుతారు. అది వినగానే అమ్మ, “అప్పుడు మంచినీళ్లు తెమ్మన్నారు. నేను తెచ్చేలోగా మొదలుపెట్టేశారు” అంది. ముప్ఫై యేళ్లకి పైగా ఆ కాసెట్టు వింటున్నాం. ఆ సంగతి మాకు యెప్పుడూ చెప్పలేదు.

“అమ్మా, తప్పు నాదే. నీ చెవులు భేషుగ్గా వున్నాయి” అన్నాను.

“నాకు తెలుసులే. ఇంక ఆ పెట్టెలు ముట్టుకోకు” అంది అమ్మ.

ముట్టుకుందామన్నా వీల్లేదు. మరలు తిప్పే స్క్రూడ్రైవరు ఆ మర్నాటినించీ కనిపించడం లేదు. మా ఆవిడని అడిగితే కిటికీకేసి చూస్తోంది.